వింత ముందు, కారణం తర్వాత: మళ్ళీ నవలల దగ్గరికి రావడం ఎలా?

మీరు రాసింది ఇది: వయసు 41, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటర్ దాకా అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకో నవల తెచ్చి చదివేవారు. ఇప్పుడు పదిహేనేళ్ళుగా ఒక్క నవలా పూర్తి చేయలేదు. సినిమా నచ్చి 'డ్యూన్' కొన్నారు. మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ 40వ పేజీ దాటలేకపోయారు. "నా ఏకాగ్రత పోయిందా? మళ్ళీ ఆ సంతోషం వస్తుందా? పదకొండేళ్ళ మా అమ్మాయికి ఈ అలవాటు ఎలా చేయాలి?" అని అడిగారు.

వస్తుంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు. నేను 27 ఏళ్ళు ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మధ్యలో దాదాపు పదేళ్ళు ఒక్క నవల కూడా ముట్టుకోలేదు. తిరిగి మొదలుపెట్టాక, గత పదకొండేళ్ళుగా నెలకో ఆదివారం మా ఇంట్లో కొంతమందిమి కూర్చుని చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నాం. అక్కడికి కొత్తగా వచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు మీరు చెప్పిన మాటే చెబుతారు.

మీ ఏకాగ్రత ఎక్కడికీ పోలేదు. పోయి ఉంటే ఎవరో రాసిన వేల లైన్ల కోడ్ ముందు కూర్చుని తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు. పోయింది ఇంకొకటి. అర్థం కానిదాన్ని అర్థం కానట్టే ఉంచి ముందుకు నడిచే ఓపిక. మీ ఉద్యోగం ఆ ఓపికను మాన్పించింది. ఆఫీసులో తెలియని మాట కనబడితే అక్కడే ఆగి, వెతికి, తేల్చుకుని గానీ ముందుకు వెళ్ళరు. అక్కడ అదే సరైన పద్ధతి. నవల దగ్గరికి, అందులోనూ సైన్స్ ఫిక్షన్ దగ్గరికి అదే పద్ధతితో వెళితే పుస్తకం కదలదు.

'డ్యూన్' సంగతే చూడండి. 1965లో వచ్చిన ఆ నవల మొదటి అధ్యాయంలోనే బెనె గెసెరిట్, క్విసాట్జ్ హాడెరాక్, గోమ్ జబ్బార్ అని ఒకదాని వెంట ఒకటి మాటలు వచ్చి పడతాయి. పుస్తకం చివర పదాల పట్టిక కూడా ఉంది. మీరు ప్రతి మాటకూ ఆ పట్టిక తిరగేసి ఉంటారు, లేదా ఫోన్‌లో వెతికి ఉంటారు. అవునా? ఫోన్ తీశాక ఆ ఒక్క మాట చూసి పెట్టేయడం ఎవరి వల్లా కాదు. పది నిమిషాల తర్వాత తిరిగి పుస్తకంలోకి వస్తే, గదిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మర్చిపోయి ఉంటారు. అలా 40 పేజీలు లాగారంటే మీకు నిజంగా చాలా ఇష్టం ఉన్నట్టే.

చిన్నప్పుడు మనం ఇలా చదవలేదు. మా ఇంట్లో మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఉండేవి. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పాత ప్రతులు. అందులో మణిసిద్ధుడు అనే యతి కాశీకి బయలుదేరతాడు, గోపడు అనే పశువుల కాపరి కుర్రాడు వెంట వెళతాడు. ప్రతి మజిలీలో గోపడు ఊరంతా తిరిగి ఏదో ఒక వింత చూసి వస్తాడు. అదేమిటో, ఎందుకో వాడికి తెలియదు. వచ్చి అడుగుతాడు. అప్పుడు యతి ఆ వింత వెనకున్న కథ విప్పుతాడు. వింత ముందు, కారణం తర్వాత. మధ్యలో ఉన్న ఆ కాసేపూ మనం గోపడిలా నోరు తెరుచుకుని కూర్చుంటాం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ళు నెలల తరబడి మనల్ని పట్టి ఉంచింది కూడా ఇందుకే. ఆ వింత జంతువు ఎక్కడినుంచి వచ్చిందో ఈ నెలలోనే తెలియాలని మనం పట్టుబట్టలేదు. తెలియకపోవడం కూడా ఆ రుచిలో భాగమే.

సైన్స్ ఫిక్షన్ అల్లిక సరిగ్గా ఇదే. ఒక్కటే తేడా, అక్కడ మణిసిద్ధుడు కూర్చుని చెప్పడు, మనమే ఏరుకోవాలి. ఈ తరహా రచనల గురించి మాట్లాడుకునేవాళ్ళు తరచూ గుర్తుచేసుకునే వాక్యం ఒకటుంది. రాబర్ట్ హైన్‌లైన్ 1942లో రాసిన నవలలోది. మనిషి గదిలోకి వెళ్ళబోతుంటే తలుపు కంటిపాపలా విప్పారిందని మూడే మూడు ఇంగ్లీషు మాటల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. ఆ తలుపు ఎలా పనిచేస్తుంది, ఎవరు కనిపెట్టారు, ఏ కాలంలో ఉన్నాం అన్నది ఏమీ చెప్పడు. ఆ ఒక్క వాక్యంతో మనం వేరే కాలంలో ఉన్నామని ఒంటికి తెలిసిపోతుంది. పాఠకుడు చేయాల్సింది ఆ తలుపులోంచి లోపలికి నడవడమే. గడప దగ్గర ఆగి బిజాగ్రీలు ఎక్కడున్నాయో వెతకడం కాదు. కొత్త మాట కనబడితే మనసులో ఓ మూలన పెట్టుకుని సాగిపోండి. నిజంగా అవసరమైన మాటైతే ఇరవై పేజీల్లో మళ్ళీ వస్తుంది, ఈసారి చుట్టూ వెలుతురు ఉంటుంది. మళ్ళీ రాలేదంటే దాని అవసరం అంతగా లేదన్నమాట.

నేను తిరిగి చదవడం మొదలుపెట్టిన సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో మీకు పనికొచ్చే విషయం ఉంది. మా అబ్బాయి ఇంటర్‌లో చేరినప్పుడు చాలా ఇళ్ళలో చేసినట్టే మేమూ కేబుల్ కనెక్షన్ తీయించేశాం. వాడు రాత్రి పదకొండున్నర దాకా చదివేవాడు. వాడు మేలుకుని ఉండగా నేను పడుకోవడం బాగుండదని ముందుగదిలో కూర్చునేదాన్ని. టీవీ లేదు. ఫోన్ అప్పట్లో మాట్లాడడానికే. మాటలు వినబడితే వాడికి డిస్టర్బెన్స్. వారం రోజులు బీరువాలు సర్దాను, పాత పేపర్లు కట్టలు కట్టాను. ఎనిమిదో రోజు అటక మీంచి ఒక పెట్టె దించితే అందులో ఎప్పుడో అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాలు దొరికాయి. పైన ఉన్నది ఆర్థర్ సి. క్లార్క్ 1973లో ప్రచురించిన 'రాందెవూ విత్ రామా'. మన రాముడి పేరు చూసే అప్పట్లో కొన్నానని గుర్తొచ్చింది. కొన్నాక చదవలేదు.

కథ 22వ శతాబ్దంలో జరుగుతుంది. సౌరకుటుంబం బయటినుంచి ఏదో వస్తువు లోపలికి దూసుకొస్తుంది. గ్రీకు, రోమన్ దేవతల పేర్లన్నీ అప్పటికే గ్రహశకలాలకు పెట్టేసి అయిపోవడంతో శాస్త్రవేత్తలు హిందూ దేవతల పేర్ల దగ్గరికి వచ్చి ఉంటారు. అలా దానికి రామా అని పేరు పడుతుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది రాయి కాదు. సుమారు 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం ఉన్న నున్నటి స్తంభం. నాలుగు నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. లోపల బోలు. కటిక చీకటి. మనుషులు దాని ఇరుసు దగ్గర తలుపు తెరుచుకుని లోపలికి దిగుతారు.

అక్కడ ఒక మెట్ల దారి ఉంటుంది. ఇరుసు దగ్గర బరువే ఉండదు. దిగేకొద్దీ ఒంటికి కొంచెం కొంచెం బరువు వస్తూ ఉంటుంది. ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. గుండ్రంగా తిరిగేటప్పుడు బయటికి నెట్టినట్టు తెలిసే అపకేంద్ర బలం గురించి అప్పటికి పదిహేనేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. బోర్డు మీద సూత్రం వేల సార్లు రాసి ఉంటాను. అది నా కడుపులో తెలియడం మాత్రం అదే మొదటిసారి. పెన్సిల్ తీసి, లోపలి వ్యాసార్ధం 8 కిలోమీటర్లు, చుట్టుకు 240 సెకన్లు అని వేసి చూశాను. భూమి మీది బరువులో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది. రాత్రి పదకొండు గంటలు. పక్క గదిలో మా వాడు లెక్కలు చేసుకుంటున్నాడు, ముందుగదిలో నేను చేసుకుంటున్నాను. ఆ తర్వాత వాళ్ళు ఆ చీకట్లో వెలుగుబాణం వదులుతారు. నేల రెండు పక్కలా పైకి వంగి తల మీద కలుస్తుంది. మధ్యలో గడ్డకట్టిన సముద్రం ఒకటి ఉంగరంలా చుట్టూ, పైన కూడా. నేను నిజంగానే తలెత్తి మా ఇంటి కప్పు వైపు చూశాను.

మీరు పోగొట్టుకున్నది ఆ తలెత్తడమే. అది ఏ సారాంశం చదివినా రాదు. పది నిమిషాల వీడియోలో రామా కథంతా చెప్పేయవచ్చు, చివర ఏమవుతుందో కూడా తెలిసిపోతుంది. కానీ మెట్టు మెట్టుగా దిగుతూ బరువు తెలియడం మాత్రం పేజీల్లోనే ఉంది. దానికి పట్టాల్సినంత సేపు పట్టాలి.

ఈ నవల వచ్చిన 44 ఏళ్ళకు, 2017 అక్టోబరులో, సౌరకుటుంబం బయటినుంచి వచ్చిన వస్తువును మన ఖగోళ శాస్త్రవేత్తలు మొదటిసారి గుర్తించారు. హవాయిలోని టెలిస్కోపుతో చూశారు కాబట్టి దానికి ఔమువామువా అని అక్కడి భాషలో పేరు పెట్టారు. పొడవాటి ఆకారం అని వార్త రాగానే క్లార్క్ పాఠకులందరికీ ఒకే పేరు గుర్తొచ్చింది. నాకు ఆ రోజు మా చుట్టుపక్కల ఆ పేరు చెప్పుకోడానికి ఎనిమిది మంది ఉన్నారు. మా ఆదివారాల పుణ్యం అది.

నా అనుభవంలోంచి మీకు పనికొచ్చేది ఏమిటంటే, నేను గొప్ప నిర్ణయమేదీ తీసుకోలేదు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అదే కుర్చీ, అదే లైటు, చేయడానికి ఇంకేమీ లేకపోవడం. అంతే. మీరు రెండు గంటలు పెట్టుకోవద్దు, 25 నిమిషాలు చాలు. కానీ రోజూ ఒకే చోటు, ఒకే వేళ ఉండాలి. ఫోన్ జేబులో సైలెంట్‌లో పెట్టుకోవడం కాదు, వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టి రండి. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, చేయి ఊరికే జేబు వైపు వెళుతుంది. మా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామందికి మూడో వారంలో సర్దుకుంది. ఇంకొక మాట, ఏడాదికి యాభై పుస్తకాలు అంటూ టార్గెట్లు మాత్రం పెట్టుకోకండి. మీకు ఆఫీసులో ఉన్న టార్గెట్లు చాలు. లెక్క మొదలైతే సన్న పుస్తకాలు ఏరుకోవడం, పేజీలు పరిగెత్తించడం మొదలవుతుంది. నేను ఇది కళ్ళారా చూశాను.

ఇక ఏం చదవాలి. 'డ్యూన్' పక్కన పెట్టండి. అది గొప్ప నవలే, ఆరు నెలల తర్వాత దానికి న్యాయం చేస్తారు. జ్వరం తగ్గినవాడికి మొదటిరోజే విందు భోజనం పెట్టం కదా. మొదట చిన్న కథలు. ఐజాక్ అసిమోవ్ 'నైట్‌ఫాల్' తో మొదలుపెట్టండి. 1941లో అచ్చైంది, అప్పటికి ఆయన వయసు 21. ఆరు సూర్యులున్న గ్రహం. ఎప్పుడూ ఏదో ఒక సూర్యుడు ఆకాశంలో ఉంటాడు కాబట్టి అక్కడివాళ్ళకు చీకటి అంటే ఏమిటో తెలియదు. రెండు వేల ఏళ్ళకు పైగా గడిచాక ఒకసారి అక్కడ రాత్రి పడుతుంది. ఆ రాత్రికి కొన్ని గంటల ముందు కథ మొదలవుతుంది. ఒక్క బిగిన అయిపోతుంది, ముగింపు మాత్రం వారం రోజులు వెంటాడుతుంది.

తర్వాత హెచ్.జి. వెల్స్ 'ది టైమ్ మెషీన్'. 1895 నాటిది, చిన్న నవలిక, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతుంది. 'ఆదిత్య 369' చూసిన మన తరానికి కాలంలో ప్రయాణించే యంత్రం కొత్త కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లోనే మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, అక్కడినుంచి 2504వ సంవత్సరానికి తీసుకెళ్ళారు. వెల్స్ అంతకన్నా చాలా దూరం, 802701వ సంవత్సరానికి వెళతాడు. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు, పైన ఎండలో ఆడుకునేవాళ్ళు, కింద చీకట్లో యంత్రాల దగ్గర ఉండేవాళ్ళు. యంత్రం కన్నా ఆ చీలిక గురించే ఆయన రాశాడని చదివితే తెలుస్తుంది.

మూడోది డేనియల్ కీస్ 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్'. 1959లో కథగా వచ్చింది, 1966లో నవలగా. ముందు కథే చదవండి. మందబుద్ధి గల ఒక మనిషికి ఆపరేషన్ చేసి తెలివి పెంచుతారు, అతను రాసుకునే రిపోర్టులే కథంతా. మొదట్లో స్పెల్లింగులన్నీ తప్పులు. మెల్లగా వాక్యాలు చక్కబడతాయి. తర్వాత ఏమవుతుందో చెప్పను. రాకెట్లు లేవు, వేరే గ్రహం లేదు. మా ఆదివారాల్లో నాకు తెలిసి అందరూ కన్నీళ్ళు పెట్టుకున్న కథ ఇదొక్కటే.

ఈ మూడూ అయ్యాక మీ పనికి దగ్గరగా ఉండేది ఒకటి, ఆండీ వియర్ 'ది మార్షియన్'. ఆయన ప్రోగ్రామర్‌గా పనిచేసినవాడే. ఆ నవలను అధ్యాయాలుగా తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు, పాఠకులు అడిగితే చవగ్గా ఈ-బుక్ చేశాడు, తర్వాత 2014లో పెద్ద ప్రచురణకర్తలు అచ్చు వేశారు. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన మనిషి బంగాళాదుంపలు పండించుకుంటూ ఒక్కో సమస్యా తెంపుకుంటూ పోతాడు. మీకు నిద్ర మాన్పించే పుస్తకం అదే అవుతుందని నా అంచనా. ఆ తర్వాత రామా లోపలికి దిగండి.

ఆలస్యంగా చదవాల్సినవి రెండు చెబుతాను. ఉర్సులా లె గ్విన్ 1969లో రాసిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'. నెలలో కొద్ది రోజులు తప్ప ఆడా మగా అన్న తేడాయే లేని మనుషులుండే మంచు గ్రహం. మొదటి భాగం నిదానంగా నడుస్తుంది, మీరు ఇప్పుడే ఎత్తుకుంటే మళ్ళీ 40వ పేజీయే. కానీ చివర్లో మంచు మైదానం మీద ఇద్దరు కలిసి చేసే ప్రయాణం ఉంది చూడండి, దానికోసం ముందున్నదంతా ఓపిగ్గా చదవవచ్చు. రెండోది టెడ్ చియాంగ్ 1998 నాటి కథ 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్'. 'అరైవల్' సినిమా దీనిమీదే తీశారు. ఇందులో తల్లి కూతురితో మాట్లాడుతూ జరగబోయేవాటిని కూడా జ్ఞాపకాల్లా చెబుతుంది. ఇంగ్లీషులో ఆ క్రియలు వింతగా తగులుతాయి. నేను చదువుతూ మనసులో తెలుగు చేసుకుంటే ఒకటి తట్టింది. మనం "వస్తుంది" అంటే రోజూ వస్తుందనీ అర్థమే, రేపు వస్తుందనీ అర్థమే. ఆ రెంటినీ ఒకే మాటలో మోస్తూ మనం ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతున్నాం. కథ చదివాక ఈ సంగతి గుర్తు చేసుకోండి.

భాష మాటెత్తాను కాబట్టి మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మీరు చిన్నప్పుడు పరుగులు తీస్తూ చదివింది తెలుగులో. ఇప్పుడు రోజంతా ఇంగ్లీషు మెయిళ్ళు చదివి, రాత్రి మళ్ళీ ఇంగ్లీషు నవల ఎత్తుకుంటున్నారు. అలసటలో సగం అదే. మొదటి పది పదిహేను రోజులు మీకు బాగా ఇష్టమైన పాత తెలుగు నవల ఏదైనా, ఇంతకుముందు చదివిందే సరే, మళ్ళీ చదవండి. కథ తెలుసు కాబట్టి టెన్షన్ లేదు. కళ్ళకు పాత వేగం తిరిగి వస్తుంది. మా వాళ్ళలో ఒకాయన, బ్యాంకులో పనిచేసేవారు, నెల రోజులు డిటెక్టివ్ నవలలే చదివి అప్పుడు అసిమోవ్ దగ్గరికి వచ్చారు. మొదట్లో అందుకు సిగ్గుపడుతుండేవారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పుస్తకం నచ్చకపోతే వదిలేయండి. నేను 60 పేజీల దాకా చూస్తాను. ఆ పుస్తకం అమ్మేయకుండా అరలోనే ఉంచుతాను, ఎందుకంటే నేను వదిలేసిన వాటిలో కనీసం నాలుగు పుస్తకాలు తర్వాత నాకు ప్రాణమయ్యాయి.

ఇక మీ అమ్మాయి. పుస్తకం చేతిలో పెట్టి "చదువు" అనకండి. స్కూలు ఆ మాట రోజంతా అంటూనే ఉంటుంది. మీరే చెప్పండి, రాత్రి పడుకునే ముందు, తెలుగులో. బేగం రొకేయా రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' తో మొదలుపెడితే బాగుంటుంది. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చైన కథ. ఆడవాళ్ళే నడిపే దేశం, ఎండతో వండుకునే వంట, మబ్బుల్లోంచి నేరుగా పట్టుకునే నీళ్ళు, మగవాళ్ళు ఇంట్లో పరదా వెనక. 120 ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి ఇవన్నీ ఊహించి రాసిందంటే మీ పాప ఊరుకోదు, ప్రశ్నలు అడుగుతుంది. కథ చిన్నది, రెండు రాత్రుల్లో చెప్పేయవచ్చు. మూడో రాత్రి 'టైమ్ మెషీన్' ఎత్తుకోండి. యంత్రం కనబడకుండా పోయి, అతను ఆ కొత్త లోకంలో చీకటి పడుతుండగా ఒంటరిగా నిలబడిపోయే చోట ఆపేయండి. ఎందుకు పోయింది, ఎవరు తీశారు అంటే "నాకూ రేపే తెలుస్తుంది" అనండి. మరుసటి రోజు మీరు ఆఫీసు నుంచి రాకముందే తను ఆ పుస్తకం ఎక్కడుందో వెతుక్కుంటుంది. అందుకని పుస్తకం తనకు అందే అరలో పెట్టి వెళ్ళండి.